కారం వ్యాను

మా కింది అంతస్తులో ఇల్లు ఎవరో కొత్తగా కొనుక్కుని పని చేయిస్తున్నారు. మొన్న లిఫ్టు తలుపు తెరుచుకోగానే జిగురు వాసన గుప్పుమంది. చెక్క మీద రెక్సిన్ అతికించడానికి వాడే పసుప్పచ్చటి చిక్కటి జిగురు. మా అమ్మాయి ముక్కు మూసుకుని, "సో స్మెల్లీ లా మమ్మీ, ఇంకో లిఫ్ట్‌లో వెళ్దాం" అంది. ఇక్కడ మాట చివర "లా" తగిలించడం అందరికీ అలవాటు. దాన్ని పక్క లిఫ్టులో పంపేసి నేను అందులోనే ఎక్కాను. మా అంతస్తు వచ్చినా దిగకుండా మళ్ళీ కిందికి వెళ్ళి పైకి వచ్చాను. నా చిన్నతనంలో ఒక ఏడాదిలో సగం పాటు మా నాన్న చొక్కాలన్నిటికీ ఆ వాసనే ఉండేది. ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. అమ్మ మొదట్లో నవ్వుతూ ఉతికింది. తర్వాత ఉతకడం మాత్రమే మిగిలింది.

అప్పుడు మేముండే కొత్త పేట సెంగ్‌కాంగ్‌లో సగం ఇళ్ళు లేచాయి, సగం ఎర్రమట్టి. మా ఇంటి కిటికీలోంచి చూస్తే క్రేన్లు కనిపించేవి. నాన్న గుంటూరు వైపు మనిషి. కంప్యూటరు ఉద్యోగాల జాతర మొదలుకాక ముందే ఈ దేశం వచ్చి, ఒక బ్యాంకులో ప్రోగ్రాములు రాస్తూ ఉండిపోయాడు. జాతర మొదలయ్యాక మా తెలుగు క్రైస్తవ సంఘంలో ప్రతి ఆదివారం కొత్త ముఖాలే. వేరే సంఘం వాళ్ళ హాలు మధ్యాహ్నం పూట మాకు అద్దెకు ఇచ్చేవాళ్ళు. ఇంగ్లీషు ఆరాధన ముగిసి వాళ్ళు కాఫీ తాగుతుంటే మేము తబలా మోసుకుంటూ లోపలికి వెళ్ళేవాళ్ళం. హైదరాబాదు నుంచి దిగిన కుర్రాళ్ళు మెడలో ఆఫీసు కార్డు తీయకుండానే వచ్చి కూర్చునేవారు. ఆరాధన ముగిశాక బిర్యానీ పొట్లాల దగ్గర ఎవరు ఏ కంపెనీలోకి దూకారు, ఎవరికి అమెరికా పిలుపు వచ్చిందన్న మాటలే. నాన్నను వాళ్ళు "అంకుల్" అనేవారు. "అంకుల్, మీరింకా ఆ పాత సిస్టమ్ మీదేనా" అని ఒకడు అడిగితే నాన్న నవ్వాడు. ఆ నవ్వు ఇంటికి వచ్చేదాకా ముఖం మీద అలాగే అతుక్కుని ఉంది.

అమ్మ మాత్రం విమానం ఎక్కి వచ్చిన మనిషి కాదు. మలేషియాలో పేరాక్ వైపు పామాయిలు తోటల్లో పుట్టింది. వాళ్ళ తాతలు శ్రీకాకుళం నుంచి ఓడెక్కి కూలికి వచ్చిన వాళ్ళు. అందుకని అమ్మ "ఏటి", "బేగి" అనేది. మధ్యమధ్యలో తమిళం, మలాయ్ కలిసేవి. "మీ అమ్మ తెలుగు ఓడలో వచ్చింది, నా తెలుగు విమానంలో వచ్చింది" అని నాన్న ఎగతాళి చేసేవాడు. "ఓడలో వచ్చిందే ముందు వచ్చింది" అనేది అమ్మ.

అమ్మమ్మ ఆ తోటలోనే, కూలీలకు ఇచ్చే ఇంట్లో మామయ్య దగ్గర ఉండేది. ఆ ఏడాది మొదట్లో స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగింది. ఆ తర్వాత పడుకోవడమే గాని ఎక్కువసేపు కూర్చోలేకపోయింది. ఇంతలో తోట చేతులు మారింది. సంవత్సరం చివరికి ఇళ్ళు ఖాళీ చేయమన్నారు. మామయ్యకు దూరాన ఒక ఫ్యాక్టరీలో పని దొరికింది కాని, అక్కడ నలుగురు మగవాళ్ళతో కలిసి ఒక గది. "అమ్మను నేను తెచ్చేసుకుంతాను" అని మా అమ్మ ఫోనులో చెప్పేసింది. పొద్దున బయలుదేరితే చీకటి పడేదాకా ప్రయాణం. బస్సులో కూర్చోబెట్టి తేలేం. పడుకోబెట్టి తేవాలి.

నాన్న ఏదో విదేశీ పత్రికలో మంచాలూ పొయ్యీ ఉన్న బండి బొమ్మ చూశాడు. "మనమే ఒక కారవాన్ చేద్దాం" అన్నాడు. గడువు తీరడానికి ఇంకా కొన్నేళ్ళున్న ఒక పాత వ్యాను కొనుక్కొచ్చాడు. ఈ దేశంలో ప్రతి బండికీ చావు తేదీ ముందే రాసిపెట్టి ఉంటుంది కాబట్టి, ముసలి బండ్లు సులువుగా దొరుకుతాయి. మా తమ్ముడికి కారవాన్ అనడానికి నోరు తిరగలేదు. "కారం వ్యాన్" అన్నాడు. అమ్మ అప్పటికే అందులో పెట్టుకెళ్ళడానికి ఎండుమిరపకాయలు తొడిమలు తీస్తోంది. ఆ పేరే ఖాయమైంది.

నాన్నకు కంప్యూటరు తప్ప ఇంకే పనిముట్టూ పట్టుకోవడం రాదు. శనివారాలు బహుళ అంతస్తుల కార్‌పార్కులో పై అంతస్తుకు వ్యాను ఎక్కించి, ఎండలో గొడుగు కట్టుకుని పని చేసేవాడు. ముందు మధ్య సీట్లు ఊడదీశాడు. వాటిని పెట్టడానికి చోటు లేక మా హాల్లోకి తెచ్చాడు. నేనూ తమ్ముడూ ఆ సీట్లలో బెల్టులు పెట్టుకుని అన్నం తినేవాళ్ళం. చుట్టాలెవరైనా వస్తే వాళ్ళకీ బెల్టు పెట్టేవాళ్ళం.

తర్వాత చెక్క. కింద దుకాణంలో చైనా తాత చెక్కలు కోసి ఇచ్చేవాడు. నాన్న పొడవు "సెవెంటీ టూ" అని చెప్పి కాఫీకి వెళ్ళాడు. గుంటూరు వడ్రంగులను చూస్తూ పెరిగిన మనిషి, ఆయన లెక్క అంగుళాల్లో. తాత లెక్క సెంటీమీటర్లలో. తిరిగొచ్చేసరికి మంచం చెక్కలన్నీ పిల్లల బల్లకు సరిపోయేలా పొట్టిగా తయారై ఉన్నాయి. నాన్న ముఖం చూసి తాత, "యూ సే సెవెంటీ టూ, ఐ కట్ సెవెంటీ టూ లా" అన్నాడు. అమ్మ మెట్ల మీద కూర్చుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "మా అమ్మ మోకాళ్ళ దాకా వస్తే సాలేటండీ, మిగతాది తర్వాత వస్తాదా" అంది. ఆ పొట్టి చెక్కలు మంచం కింద పెట్టెలయ్యాయి. ఒకదాంట్లో బియ్యం, ఒకదాంట్లో పచ్చళ్ళు, ఒకదాంట్లో అమ్మమ్మ కోసం పాతచీరల మెత్తటి గుడ్డలు.

మంచానికి నురుగు పరుపు, దాని మీద నీలం రెక్సిన్. కిటికీలకు దోమతెర, దాని మీద అమ్మ పాత వాయిలు చీర కత్తిరించి కుట్టిన తెరలు. పైన చిన్న ఫ్యాను, దానికి వేరే బ్యాటరీ. పడుకున్న మనిషి పట్టుకోవడానికి గోడకు ఒక కమ్మీ. కుళాయికి పెట్టే గొట్టంతో మంచినీళ్ళ డబ్బా. ప్రతి శనివారం అమ్మ అన్నంలోకి నెత్తళ్ళు వేయించి పట్టుకొచ్చేది. ఇక్కడి వాళ్ళు ఇకాన్ బిలిస్ అంటారు. ఆ ఎండుచేప వాసనా, జిగురు వాసనా, ఎండకు కాలిన సిమెంటు వాసనా కలిసిపోయి ఉండేవి. మేము పచ్చళ్ళ పెట్టెలో దూరి సరిహద్దు ఆట ఆడేవాళ్ళం. తమ్ముడు ఆఫీసరు. నేను పాస్‌పోర్టు బదులు రొట్టెముక్క ఇచ్చేదాన్ని. వాడు దాన్ని కొరికి ముద్ర వేసి ఇచ్చేవాడు. ఆటలో ఒక జాడీ మామిడికాయ సగానికి వచ్చేసిందని అమ్మకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మంచం పూర్తయిన రోజు అమ్మ దాని మీద అమ్మమ్మలా పడుకుంది. నాన్న కార్‌పార్కు వంపుల మీదుగా కిందిదాకా తోలాడు. ప్రతి మిట్ట దగ్గరా అమ్మ అమ్మమ్మ గొంతు పెట్టింది. "నాయనా, బేగి తోలకు, నా తుంటి నీకేటి పాపం చేసింది." నాన్న ముందు నుంచి, "అత్తయ్యగారూ, కమ్మీ పట్టుకోండి" అన్నాడు. కింద ఆగాక అమ్మ లేవలేదు. కొంతసేపు తెరలు చూస్తూ పడుకుంది. "దీంట్లో వస్తాది మా అమ్మ" అంది చివరకు. మా ఇంట్లో అంత సంతోషం నేను తర్వాత చూడలేదు.

మావాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త ఇల్లయినా, బండయినా, చివరకు కంప్యూటరయినా, వాడకముందు అయ్యగారిని పిలిచి ప్రతిష్ఠ ప్రార్థన చేయించుకోవాలి. అయ్యగారంటే మా సంఘ కాపరి. సన్నటి మనిషి, గట్టి గొంతు. ఆయనకు సొంత బండి లేదు. అరిగిన బూట్లతో రైళ్ళూ బస్సులూ మారుతూ జ్వరం వచ్చిన కుర్రాళ్ళ గదులకు గంజి తీసుకెళ్ళేవాడు. ఇది కూడా చెప్పాలి, లేకపోతే నేను అన్యాయం చేసినదాన్నవుతాను.

నవంబరులో ఒక సాయంత్రం సంఘమంతా కార్‌పార్కు పైకి వచ్చింది. అమ్మ సేమ్యా పాయసం గిన్నె మోసుకొచ్చింది. తాళాలు బైబిలు మీద పెట్టారు. పాట పాడారు. కుర్రాళ్ళు ఒక్కొక్కరే లోపలికి తొంగి చూసి, "అంకుల్, సూపర్ అంకుల్, ఇదంతా మీరే చేశారా" అన్నారు. నాన్న నీలం రెక్సిన్ మీద చెయ్యి వేసి నిమిరాడు. ప్రార్థన ముగింపులో యజమాని కూడా నాలుగు మాటలు చెప్పాలి. నాన్న కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ బండి మాది కాదు. నీది. నీ పనికి వాడుకో" అన్నాడు.

అందరూ ఆమేన్ అన్నారు. అమ్మ ఆమేన్ అందరికంటే పైకి వినిపించింది.

ఈ మాట మావాళ్ళందరి నోటా వచ్చేదే. బిడ్డ పుడితే నీది ప్రభువా అంటారు. ఉద్యోగం వస్తే నీది ప్రభువా అంటారు. ఎవరూ ఉద్యోగం తీసుకెళ్ళి కానుకపెట్టెలో వేయరు. కృతజ్ఞత ఎక్కువైనప్పుడు మనిషి దగ్గర అంతకంటే పెద్ద మాట ఉండదు.

మరుసటి ఆదివారం ప్రకటనల సమయంలో అయ్యగారు లేచి, మన సహోదరుడొకరు తన బండిని దేవుని పనికి ప్రతిష్ఠించారని చెప్పాడు. ఊరి చివర ఫ్యాక్టరీలుండే జురాంగ్ ఐలాండ్‌లో పనిచేసే కుర్రాళ్ళు ఆరాధనకు రావడానికి ఎంత అవస్థ పడుతున్నారో, ఈ ఒక్క బండితో అది ఎలా తీరిపోతుందో వివరించాడు. లోపల సీట్లు మళ్ళీ బిగించేస్తే చాలన్నాడు. హాలంతా స్తోత్రం అని మోగింది. ఆ తర్వాత చప్పట్లు. నాన్నను నిలబడమన్నారు. నేను ఆయన పక్కనే కూర్చున్నాను. మొదట ఆయన ముఖం తెల్లబోయింది. లేచి నిలబడ్డాక, కుర్రాళ్ళు వెనక్కి తిరిగి తనవైపు చూస్తుంటే, ఆయన చేతులు జోడించాడు. భుజాలు కొంచెం నిటారుగా అయ్యాయి. పాత సిస్టమ్ మీద పనిచేసే మనిషికి ఆ ఊళ్ళో అంతమంది చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి.

ఇంటికి వచ్చాం. అమ్మ చెప్పులు విప్పుతూ, "ఏటండీ అది" అంది. అంతమందిలో కాదని ఎలా చెప్పమంటావని నాన్న అన్నాడు. దేవుడికిచ్చి వెనక్కి లాక్కున్నాడంటారని అన్నాడు. అమ్మమ్మను జనవరిలో తీసుకురావచ్చని కూడా అన్నాడు. అమ్మ చెప్పులు పక్కన పెట్టి ఆయనవైపు తిరిగింది.

"బండి పోయిందని మీకు బాధ లేదు. సప్పట్లు బాగున్నాయి మీకు."

నాన్న హాల్లో ఉన్న వ్యాను సీట్లో కూర్చుండిపోయాడు.

ఆ వారంలోనే అయ్యగారు ఇంటికి వచ్చాడు. అమ్మ కాఫీ ఇచ్చి ఎదురుగా నిలబడింది. పెద్దవాళ్ళ ముందు మా అమ్మ ఎప్పుడూ కూర్చోదు.

"అయ్యగారూ, మా ఇంటి ప్రతిష్ఠ కూడా మీరే చేశారు. ఈ ఇల్లు నీది ప్రభువా అన్నారు ఈయన, ఇదే నోటితో. మరి ఇంటి తాళాలు అడగలేదేటి?"

అయ్యగారు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి బైబిలు తెరిచి, మొక్కుబడుల గురించిన భాగం చదివాడు. ఆయన చదివే తీరు గొప్పగా ఉండేది. అది విని నేను భయపడ్డాను.

"చూడమ్మా, నోటిమాట దేవుని దగ్గర చిన్నది కాదు. నువ్వు కూడా ఆమేన్ అన్నావు. నేను విన్నాను."

"ఒక్క ప్రయాణం సెయ్యనీండి. మా అమ్మను తెచ్చుకుంతాం. ఆ మర్నాడు బండి మీది. మంచం నేనే ఊడదీసి ఇస్తాను."

"డిసెంబరంతా కూడికలమ్మా. కొత్త కుర్రాళ్ళు, మొదటి క్రిస్మసు వాళ్ళకి ఇక్కడ. జనవరిలో తీరిగ్గా చూద్దాం." కప్పు కింద పెట్టి అన్నాడు. "అంతవరకూ మీ అమ్మను కాపాడటం దేవుడికి చేతకాదంటావా?"

విశ్వాసి ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేడు. చేతనవునంటే నోరు మూసుకోవాలి. కాదంటే విశ్వాసం లేనట్టు. వాక్యం తెలిసిన మనిషి మాత్రమే అలాంటి ప్రశ్న వేయగలడు, వాక్యాన్ని నమ్మిన మనిషి మాత్రమే దాని ముందు ఓడిపోతాడు. నాన్న కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు.

తర్వాతి శనివారం నాన్న కార్‌పార్కు పైన మంచం ఊడదీశాడు. బిగించడానికి నెలలు పట్టింది, విప్పడానికి ఒక పూట చాలుతుందా అనిపించింది నాకు. చాలింది. అమ్మ పైకి రాలేదు. తమ్ముడు, "నాన్నా, ఫ్యాన్ అయినా ఉంచొచ్చుగా" అన్నాడు. ఫ్యాను ఉంచాడు. హాల్లోంచి సీట్లు వ్యానులోకి వెళ్ళాయి, వ్యానులోంచి మంచం మా గదిలోకి వచ్చింది. పచ్చళ్ళ పెట్టె గుమ్మం దగ్గర చెప్పుల బల్ల అయింది.

డిసెంబరులో క్రిస్మసు పాటలకు ఇల్లిల్లూ తిరిగినప్పుడు మేము కూడా ఆ వ్యానులో ఎక్కాం. మేము వెనక సీటులో. కుర్రాళ్ళు మంచివాళ్ళే. పాటలు పాడారు, మాకు చాక్లెట్లు ఇచ్చారు. ఒకడు తమ్ముడితో, "బాబూ, సీటు మీద కాళ్ళు పెట్టకు, ఇది దేవుని బండి" అన్నాడు. తమ్ముడు, "కెనాట్ లా, కుదరదు, ఇది మా కారం వ్యాన్" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరికీ అర్థం కాలేదు. అమ్మ వాయిలు చీర తెరలు ఇంకా కిటికీలకు ఉన్నాయి. అమ్మ వాటిలో ఒకదాని కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది.

ఆ నెల చివర్లో మామయ్య ఫోను చేశాడు. ఇళ్ళకు కరెంటు తీసేశారట. సామాను లారీలో ఎక్కించి, పరుపుల మధ్య అమ్మమ్మను పడుకోబెట్టి, దగ్గరి పట్నంలో ముసలివాళ్ళను చూసే ఇంట్లో చేర్చాడట. "ఏం సెయ్యనక్కా, నువ్వు వస్తావు వస్తావు అని ఆఖరి రోజుదాకా సూశాను" అన్నాడట. లారీలో అన్ని కుదుపులు తిన్న మనిషిని ఇక కదపొద్దని డాక్టరు చెప్పాడు.

చైనా వాళ్ళ కొత్త సంవత్సరం సెలవులకు అమ్మ నన్ను తీసుకుని బస్సులో వెళ్ళింది. ఆ ఇల్లు శుభ్రంగానే ఉంది. వరసగా మంచాలు. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు. నర్సులను ఆ దేశంలో మిస్సీ అంటారు, ఇక్కడా అంతే. అమ్మమ్మ సగానికి సగమైంది. అమ్మ మంచం దగ్గరికి వెళ్ళి, "అమ్మా, నేనే" అంది. అమ్మమ్మ కళ్ళు తెరిచింది. చాలాసేపు చూసింది.

"మిస్సీ," అంది, "ఆయెర్."

ఆయెర్ అంటే మలాయ్‌లో నీళ్ళు. అమ్మ మళ్ళీ, "అమ్మా, నేను, నీ పెద్దదాన్ని" అంది. అమ్మమ్మ కొంచెం విసుగ్గా అదే మాట మళ్ళీ అంది. అమ్మ గ్లాసు తెచ్చింది, తల కింద చెయ్యి పెట్టి ఎత్తింది, తాగించింది. తాగాక అమ్మమ్మ మలాయ్‌లోనే థాంక్స్ చెప్పింది. ఒక తల్లి తన కూతురికి పరాయి మనిషికి చెప్పినట్టు థాంక్స్ చెప్పడం నేను చూశాను. తిరిగి వచ్చే బస్సులో అమ్మ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

అమ్మమ్మ ఆ తర్వాత కొద్దికాలమే ఉంది. జనవరిలో వ్యాను గురించి అయ్యగారు తీరిగ్గా చూశాడో లేదో నాకు తెలియదు, ఎవరూ అడగలేదు. గడువు తీరాక దాన్ని తుక్కుకు పంపారు. ఆ కుర్రాళ్ళలో చాలామంది ఇంకో దేశానికి దూకారు. అయ్యగారు కూడా ఎక్కడికో పిలుపు వచ్చిందని వెళ్ళిపోయాడు. నాన్న ఆ తర్వాత ఏ పనిముట్టూ ముట్టుకోలేదు. ఇంట్లో బల్బు మార్చాలన్నా మనిషిని పిలిచేవాడు. ఆయనను నిందించాలంటే, ఆయన ఆ చప్పట్ల మధ్య నిలబడ్డ తీరు గుర్తొస్తుంది. అంత తక్కువకు సంతోషపడిన మనిషి. అందుకే జాలిపడతాను, క్షమించడం ఇంకా పూర్తి కాలేదు. అమ్మ ఆరాధన మానలేదు. మోకరించేది, పాడేది, బైబిలు ఏటేటా మొత్తం చదివేది. పక్కవాళ్ళ ప్రార్థనకు ఆమేన్ అనడం మాత్రం మానేసింది.

నేను ప్రభువును వదల్లేదు. ఆయన ఆ బండి అడగలేదని నాకు తెలుసు. ఇంతకాలం మోకాళ్ళ మీద గడిపాక, ఆయన గొంతు ఏదో, ఆయన పేరు చెప్పి మాట్లాడేవాళ్ళ గొంతు ఏదో కొంత తెలిసింది. అది తెలియడానికి మా ఇంట్లో ఒక ముసలామె మూల్యమైంది. ఆ లెక్క ఎవరితో తేల్చుకోవాలో మాత్రం ఏ ప్రసంగంలోనూ వినలేదు.

ఇప్పుడు సంఘంలో స్త్రీల కూడికకు నేనే పెద్దను. కొత్త ఇళ్ళకూ బండ్లకూ ప్రార్థనకు పిలుస్తారు. పోయిన నెల పెళ్ళయిన కొత్తలో ఉన్న ఒక జంట కారు కొనుక్కుని పిలిచింది. తాళాలు బైబిలు మీద పెట్టారు. నేను కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ బండి వీళ్ళది. వీళ్ళ మనుషుల దగ్గరికి వీళ్ళను వేళకు చేర్చు" అన్నాను.

వాళ్ళు ఇంకా ఏదో రావాలని ఎదురుచూశారు. ఆమేన్ రావడానికి కాస్త సమయం పట్టింది.